మంద కాసే కుక్కలను జత కలిపే ముందు రంగు గురించి ఏం చూసుకోవాలి

పిల్లలు పుట్టాయని తెలిసి ఫోన్ చేసేవాళ్లు ముందుగా అడిగేది రంగే. బ్లూ మెర్ల్ (బూడిద రంగు మీద నల్ల మచ్చలున్నది) ఉందా, ఎర్రవి ఎన్ని, నీలం కళ్లవి ఏమైనా వచ్చాయా? తల్లి మందను ఎంత దూరం నుంచి చుట్టి తెస్తుందో, గొర్రె ఎదురు తిరిగితే తండ్రి తగ్గుతుందో నిలబడుతుందో అడిగేవాళ్లు అరుదు. నేను బోర్డర్ కోలీలను పని కోసం పెంచుతాను, పనిని చూసే జత కలుపుతాను. నా పద్ధతి ఇది: ఎంపికలో రంగును ఆఖరున పెట్టండి, రంగు జన్యువుల సంగతి మాత్రం అన్నిటికంటే ముందు తెలుసుకోండి. ఎందుకంటే వాటిలో కొన్ని బొచ్చుతో ఆగవు, చెవులకీ కళ్లకీ కూడా పాకుతాయి. గుట్ట అవతల గొర్రెల వెనక ఉన్న కుక్కకు కాపరి ఈల వినపడకపోతే దాని రంగు ఎంత బాగున్నా ఏం లాభం?

ఆఖరున పెట్టమనడానికి ఒక చిన్న లెక్క ఉంది. ఒక ఈతలో ఎనిమిది పిల్లలు పుట్టాయనుకోండి. మీకు ఆడది కావాలి, అంటే దాదాపు నాలుగు మిగిలాయి. అందులోనూ మెర్ల్ కావాలంటే రెండు. నాలుగింటిలో మంచిదాన్ని ఏరుకోవాల్సిన చోట రెండింటిలో ఏదో ఒకటి తీసుకుంటున్నారు. ప్రతి తరంలోనూ ఇలాగే సగం మంచివాటిని చూడకుండానే వదిలేస్తూ పోతే పనితనం పలచబడకుండా ఎలా ఉంటుంది? చూపుతో గొర్రెను నిలబెట్టడం, మంద బెదరకుండా దూరంగా చుట్టి రావడం, పరుగులో ఉండి కూడా మాట వినడం, ఇవేవీ ఒక్క జన్యువుతో వచ్చేవి కావు. ఎన్నో జన్యువులు కలిసి తెచ్చే గుణాలు ఇవి. ఎంపికలో కాస్త ఉదాసీనంగా ఉంటే చాలు, జారిపోతాయి.

బోర్డర్ కోలీ జాతికి మూలపురుషుడిగా చెప్పుకునే ఓల్డ్ హెంప్ 1893లో ఇంగ్లండ్‌లోని నార్తంబర్లాండ్‌లో, ఆడమ్ టెల్ఫర్ అనే పెంపకందారు దగ్గర పుట్టింది. దాని తండ్రి రాయ్ నెమ్మదైన కుక్క, తల్లి మెగ్ బెరుకుది కానీ చూపు చాలా బలంగా ఉండేది. ఒకదాని లోటును ఇంకొకటి పూడ్చేలా కుదిరిన జత అది. 1906లో మొదలైన అంతర్జాతీయ షీప్ డాగ్ సొసైటీ కూడా రంగుకు మార్కులు వేయదు. వంశావళి లేని కుక్కనైనా పని నిరూపించుకుంటే తన పుస్తకంలో చేర్చుకునే పద్ధతి దానికి ఉంది. రంగు మీద మోజు ఎప్పుడు ఎక్కువైనా నేను ఆ రాయ్, మెగ్ జతనే తలుచుకుంటాను.

ముక్కు చూసి మొదలుపెట్టండి

కుక్క బొచ్చులో ఉండే వర్ణకాలు రెండే. ఒకటి నల్లది, యూమెలనిన్. రెండోది ఎరుపు నుంచి లేత పసుపు దాకా ఉండేది, ఫియోమెలనిన్. మిగతా జన్యువులన్నీ ఈ రెండింటినీ ఎక్కడ వేయాలి, ఎంత చిక్కగా వేయాలి, ఎక్కడ అసలు వేయకూడదు అన్నది తేల్చేవే.

ఎర్ర కుక్క అనగానే నేను ముందు దాని ముక్కు చూస్తాను. ముక్కు, కంటి రెప్పల అంచులు, అరికాలి మెత్తలు కూడా గోధుమ రంగులో ఉంటే అది గోధుమ ఎరుపు. నల్ల వర్ణకమే గోధుమగా మారిన కుక్క అది. టీవైఆర్‌పీ1 అనే జన్యువు మారిన రూపం తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తేనే ఇలా అవుతుంది. అలా కాక బొచ్చంతా బంగారు రంగులో ఉండి ముక్కు మాత్రం నల్లగా ఉంటే అది వేరే ఎరుపు. ఎంసీ1ఆర్ జన్యువు రెండు కాపీలూ పనిచేయక, బొచ్చులో నల్ల వర్ణకం అసలు తయారు కాని కుక్క అది. చర్మంలో నలుపు ఉంటుంది, బొచ్చులోకి రాదు.

ఈ తేడా తెలియకే జనం లేనిపోని అనుమానాలు పెట్టుకుంటారు. గోధుమ ఎరుపు కుక్కకి బంగారు ఎరుపు కుక్కని జత కలిపితే పిల్లలన్నీ నల్లగా పుట్టవచ్చు. దీనిలో లోపించినది దాని దగ్గర ఉంది, దానిలో లోపించినది దీని దగ్గర ఉంది, పిల్లకు రెండూ చెరొకటి అందాయి, అంతే. అదే రెండు గోధుమ ఎరుపు కుక్కలకు మాత్రం నల్ల పిల్ల పుట్టదు. పుడితే ఇంకో మగకుక్క మధ్యలో వచ్చిందేమో చూసుకోవాలి. ఇక రెండు నల్ల కుక్కలకు గోధుమ పిల్ల పుట్టడంలో వింతేమీ లేదు. రెండూ ఆ జన్యువును ఒక్కో కాపీ దాచుకుని ఉంటే నాలుగింట ఒక పిల్లకు ఆ రంగు వచ్చే అవకాశం ఉంది. ఇలాంటి అంతర్గత గుణాలు తరాల తరబడి కనపడకుండా నడుస్తాయి.

నలుపు, తెలుపు, లేత గోధుమ మచ్చలు కలిసిన ట్రైకలర్ సంగతి క్లుప్తంగా చెబుతాను. కనుబొమల మీద, బుగ్గల మీద, కాళ్ల మీద ఆ గోధుమ మచ్చలు పడాలంటే, వాటిని కప్పేసే బహిర్గత నలుపు జన్యువు ఒక్క కాపీ కూడా ఉండకూడదు. బోర్డర్ కోలీల్లో నలుపు మామూలుగా ఈ దారిలోనే వస్తుంది, ఒక్క కాపీ చాలు. జర్మన్ షెపర్డ్‌లో నిండు నలుపు రావడానికి మాత్రం వేరే జన్యువు మారిన రూపం రెండు కాపీలు కావాలి. కంటికి రెండూ ఒకే నలుపు, లెక్క మాత్రం తలకిందులు. అందుకే ఒక జాతి గురించి విన్నదాన్ని ఇంకో జాతికి అంటగట్టకండి.

మెర్ల్: ఇక్కడ తొందరపడకండి

నేను ఎక్కువ టెన్షన్ పడేది దీని గురించే. మెర్ల్ అంటే నల్ల లేదా గోధుమ వర్ణకం అక్కడక్కడా పలచబడి, బూడిద రంగు నేల మీద చిరిగిన అంచుల మచ్చలు ఉన్నట్టు కనిపించే తీరు. పీఎంఈఎల్ అనే జన్యువులో ఒక అదనపు డీఎన్ఏ ముక్క దూరడం వల్ల ఇలా అవుతుందని 2006లో తేలింది. ఒక్క కాపీ ఉంటే చాలు, మెర్ల్ కనిపిస్తుంది. రెండు కాపీలు పడితే కుక్క చాలా వరకు తెల్లగా పుడుతుంది. కళ్లు చిన్నవిగా, వంకరగా ఏర్పడవచ్చు, కొన్నింటికి చూపే ఉండదు. చెవుడు కూడా రావచ్చు. 153 మెర్ల్ కుక్కల వినికిడిని పరీక్షించి 2009లో వెలువరించిన అధ్యయనంలో, ఒక కాపీ ఉన్నవాటిలో 2.7 శాతానికి ఒక చెవి, 0.9 శాతానికి రెండు చెవులూ వినపడలేదు. రెండు కాపీలున్నవాటిలో అవి 10 శాతం, 15 శాతం. అంటే డబుల్ మెర్ల్ కుక్కల్లో నాలుగింట ఒకదానికి ఏదో ఒక స్థాయిలో చెవుడు ఉంది.

ఈమధ్య ఒక తమ్ముడు ఫోన్ చేసి, "అన్నా, మెర్ల్‌కి మెర్లే వేస్తే పిల్లలన్నీ మెర్లే వస్తాయి కదా, డిమాండ్ ఉంటుంది కదా" అన్నాడు. చాలామంది అనుకునేదే ఇది. కాగితం తీసుకుని లెక్క వేయమన్నాను. మెర్ల్‌కి మెర్ల్ కలిపితే నాలుగింట ఒకటి మామూలుది, రెండు ఒక్క కాపీ మెర్ల్‌లు, ఒకటి డబుల్ మెర్ల్. మెర్ల్‌కి మామూలు కుక్కను కలిపితే సగం మామూలువి, సగం ఒక్క కాపీ మెర్ల్‌లు. రెండు లెక్కల్లోనూ ఆరోగ్యంగా పెరిగే అవకాశమున్న మెర్ల్‌లు సగమే, ఒక్కటీ ఎక్కువ రాదు. మొదటి జతలో అదనంగా వచ్చేది ఆ డబుల్ మెర్ల్ పావు వంతే. వాటిలో చూపూ వినికిడీ లేకుండా పుట్టేవాటి బతుకు ఏమిటని అడిగితే వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నల్ల మగకుక్క ఎవరి దగ్గర ఉందని అడిగాడు. బ్రిటన్‌లోని కెనెల్ క్లబ్ కూడా మెర్ల్‌కి మెర్ల్ కలిపి పుట్టించిన పిల్లలను నమోదు చేసుకోదు.

కనపడే మెర్ల్‌తో పెద్ద చిక్కు లేదు, కలపకుండా ఉంటే సరిపోతుంది. చిక్కంతా కనపడని మెర్ల్‌తోనే. మెర్ల్ ప్రధానంగా నల్ల, గోధుమ వర్ణకాన్ని పలచబరుస్తుంది, ఎరుపు-పసుపు జోలికి పెద్దగా పోదు. కాబట్టి బొచ్చులో నలుపే లేని బంగారు ఎరుపు కుక్క మెర్ల్ అయినా చూసి చెప్పడం దాదాపు అసాధ్యం. సేబుల్ రంగు (పసుపు-ఎరుపు బొచ్చుకు నల్ల కొసలు) పిల్లల్లో పుట్టినప్పుడు మచ్చలు కనిపిస్తాయి, పెద్దవయ్యేసరికి కలిసిపోతాయి. ఇక జన్యువులో దూరిన ముక్క పొట్టిగా ఉంటే నల్ల కుక్కలో కూడా ఏమీ కనిపించకపోవచ్చు.

మా దగ్గర రాణి అని ఒక ఆడకుక్క ఉంది. నలుపు తెలుపు, ఎవరు చూసినా మామూలు కుక్కే అంటారు. పుట్టిన వారంలో దాన్ని పగటి వెలుతురులో కిటికీ దగ్గర అరచేతిలో పెట్టుకుని చూస్తుంటే, తోక మొదట్లో బొటనవేలి గోరంత బూడిద రంగు మచ్చ కనపడింది. ఆ మచ్చ అంచు నున్నగా లేదు, చింపిన కాగితంలా ఉంది. వేలితో బొచ్చును ఎదురుగా దువ్వితే అడుగు నుంచీ బూడిద రంగే, కొసలు మాత్రమే నలుపు. నెలలు గడిచాక పైబొచ్చు దాన్ని పూర్తిగా కప్పేసింది. పరీక్షలో ఒక కాపీ మెర్ల్ అని వచ్చింది. అప్పటి నుంచి దానికి మెర్ల్ లేదని పరీక్షలో తేలిన మగకుక్కలనే చూస్తున్నాను.

మీరూ ఇదే చేయండి. పుట్టిన మొదటి వారంలోనే ప్రతి పిల్లను సహజ వెలుతురులో ఫొటో తీసి పెట్టుకోండి. రెండు వైపులా, వీపు, తోక, రెండు చెవుల వెనకవైపు విడివిడిగా తీయాలి. ముక్కు రంగు అప్పుడే తేల్చకండి, గులాబీ ముక్కులు నిండుకోవడానికి వారాలు పడుతుంది. మెర్ల్ మచ్చలు మాత్రం పొట్టి బొచ్చు మీద అప్పుడు కనిపించినంత స్పష్టంగా మళ్లీ కనిపించవు.

పరీక్ష, రిపోర్టు

లోపలి బుగ్గ మీద దూదిపుల్ల తిప్పి పంపితే చాలు. పాలు తాగే పిల్లయితే ముందు కాసేపు తల్లి నుంచి వేరుగా ఉంచండి, తల్లి పాలు నోట్లో ఉంటే నమూనా చెడిపోతుంది. దూదిపుల్ల కవరు మీద పిల్ల పేరు ముందే రాసి పెట్టుకోండి, అన్నీ అయ్యాక రాద్దామంటే తారుమారు అవుతాయి. మెర్ల్ పరీక్షకు ఉందో లేదో మాత్రమే చెప్పే ల్యాబ్ కంటే ఆ అదనపు ముక్క పొడవు ఎంతో అంకెల్లో ఇచ్చే ల్యాబ్‌ను ఎంచుకోండి. పొడవు తక్కువైతే రంగు మీద ప్రభావం తక్కువ, 265 బేస్ జతల (డీఎన్ఏ పొడవును లెక్కించే కొలమానం) చుట్టుపక్కల ఉంటే అందరికీ తెలిసిన మెర్ల్. కొన్ని మెర్ల్ కుక్కల్లో ఒంట్లో ఒక్కోచోట ఒక్కో పొడవు ఉంటుంది. బుగ్గ నమూనాలో వచ్చిన అంకే పిల్లలకు అందుతుందని రాసిచ్చే వీలు లేదు. అందుకే పొట్టి ముక్క కదా అని ధైర్యం చేసి మెర్ల్‌కి కలపడం నేను ఒప్పుకోను.

తెలుపు ఎక్కడ ఉందో చూడండి

పిండంలో వర్ణక కణాలు వెన్ను వైపు నుంచి బయలుదేరి ఒళ్లంతా పాకుతాయి. ఛాతీ, పాదాలు, తోక కొస, మూతి ఆఖరున చేరే చోట్లు. అవి అక్కడి దాకా చేరకపోతే ఆ చోట తెలుపు మిగులుతుంది. బోర్డర్ కోలీ మెడ పట్టీ, తెల్ల సాక్సులు ఇలా వచ్చినవే, వాటితో ఏ ఇబ్బందీ లేదు. కానీ ఇవే కణాలు లోపలి చెవిలో కూడా ఉండాలి. అక్కడి ద్రవంలో పొటాషియం నిలబెట్టేది ఇవే. ఇవి లేకపోతే శబ్దాన్ని పట్టే కణాలు పుట్టిన మూడు నాలుగు వారాల్లో చచ్చిపోతాయి, తిరిగి రావు. తల మీద, చెవుల చుట్టూ తెలుపు మరీ ఎక్కువైతే నాకు భయం అందుకే. బ్రిటన్‌లో బోర్డర్ కోలీలను పరీక్షించినప్పుడు కూడా చెవుడుకి మెర్ల్‌తో, తల మీది అధిక తెలుపుతో, నీలం కళ్లతో సంబంధం కనిపించింది. ఆస్ట్రేలియన్ క్యాటిల్ డాగ్ పిల్లలు తెల్లగా పుట్టి తర్వాత చుక్కలు నింపుకుంటాయి. చుక్కలతో నిండిపోయింది కదా అని వాటి వినికిడిని పరీక్షించకుండా వదలకూడదు.

తెల్లని జర్మన్ షెపర్డ్ మాత్రం ఈ లెక్కలోకి రాదు. అది బంగారు ఎరుపు మరీ పాలిపోయిన రూపం. వర్ణక కణాలు ఒంటి నిండా ఉంటాయి, ముక్కు నల్లగా ఉంటుంది, ఆ తెలుపు చెవుడు తేదు.

వినికిడి తేల్చడానికి చప్పట్లు, గిన్నెల చప్పుడు నమ్మకండి. ఒక చెవి వినపడే పిల్ల ప్రతి చప్పుడుకీ తల తిప్పుతుంది. బేర్ అనే పరీక్షలో ఒక్కో చెవికి విడిగా శబ్దం పంపి మెదడు స్పందనను కొలుస్తారు, అయిదారు వారాల వయసు నుంచి చేయించవచ్చు. ఒక చెవే వినపడే కుక్క ఇంట్లో హాయిగా బతుకుతుంది. కానీ ఈల ఏ దిక్కు నుంచి వచ్చిందో తెలియక మైదానంలో తికమక పడుతుంది. అలాంటిదాన్ని పిల్లల కోసం వాడకూడదన్నది నా కచ్చితమైన అభిప్రాయం.

అరుదైన రంగు అని అమ్మేవి

నలుపు పలచబడితే నీలి బూడిద, గోధుమ పలచబడితే లైలాక్. ఎంఎల్‌పీహెచ్ జన్యువు మారిన కాపీలు రెండు పడితే ఈ రంగులు వస్తాయి. కెల్పీల్లో (ఆస్ట్రేలియాలో గొర్రెలు కాసే జాతి) ఇవి పాతకాలం నుంచీ ఉన్నాయి. ఇలాంటి కొన్ని కుక్కల్లో బొచ్చు ఊడి చర్మం పొలుసులు కట్టే జబ్బు కనిపిస్తుంది. అన్నింటికీ రాదు కాబట్టి ఈ రంగు పుట్టిన పిల్లను తక్కువ చేయనక్కరలేదు. నా అభ్యంతరం దాని కోసమే జతలు కట్టడం మీద. గోధుమనూ పలచదనాన్నీ దాచుకున్న రెండు నల్ల కుక్కలకు లైలాక్ పిల్ల పుట్టే అవకాశం పదహారింట ఒకటి. ఆ అవకాశం పెంచుకోవాలని అన్నాచెల్లెళ్లను, తండ్రీకూతుళ్లను కలుపుతారు. పని కోలీల్లో రక్తం ఇప్పటికే దగ్గరైంది. 1963లో పుట్టిన విస్టన్ క్యాప్ అనే పేరుమోసిన కుక్క వంశావళిలో ఏడు తరాల్లో ఒకే పూర్వీకుడు పదహారుసార్లు కనిపిస్తాడు. నేటి కోలీల్లో ఎక్కువ భాగం ఈ విస్టన్ క్యాప్ రక్తం ఉన్నవే. పని కోసం జరిగిన దాని మీద ఇప్పుడు రంగు కోసం ఇంకో ముడి వేయడం నాకు మింగుడు పడదు.

రంగుతో సంబంధం లేని ఒక విషయాన్ని కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే జనం దాన్ని రంగుకు ముడిపెడతారు. తెల్ల పాదాల కోలీకి పురుగుల మందు వేయకూడదని పాత మాట ఒకటి ఉంది. అసలు కారణం ఎండీఆర్1 అనే జన్యువు లోపం. అది ఉన్న కుక్కకు ఐవర్‌మెక్టిన్ అనే పురుగుల మందు ఎక్కువ మోతాదులో పడితే మెదడుకు చేరి ప్రాణం తీయవచ్చు. ఈ లోపం రఫ్ కోలీల్లో చాలా ఎక్కువ, ఆస్ట్రేలియన్ షెపర్డ్‌లలో కూడా బాగా ఉంది, బోర్డర్ కోలీల్లో తక్కువ. పాదాలు నల్లగా ఉన్నా లోపం ఉండవచ్చు, తెల్లగా ఉన్నా లేకపోవచ్చు. గొర్రెలకు మందు వేసే గొట్టాన్ని నాకడం పని కుక్కలకు అలవాటు కాబట్టి ఈ పరీక్ష చేయించండి. కోలీ కంటి లోపం పరీక్ష కూడా దీనితోపాటే చేయించుకోవచ్చు.

జత నిర్ణయించేటప్పుడు

నేను ముందు రెండు కుక్కలనూ గొర్రెల మీద చూస్తాను, వీలైతే వాటి తల్లిదండ్రులను కూడా. ఆడకుక్కకు చూపు మరీ గట్టిగా ఉండి గొర్రె ముందు బిగుసుకుపోతుంటే, కదలిక ధారాళంగా ఉన్న మగకుక్కను వెతుకుతాను. తర్వాత తుంటి, కళ్లు, చెవులు, జన్యు రిపోర్టులు. ఆ తర్వాత రక్త సంబంధం ఎంత దగ్గరో చూస్తాను. ఇవన్నీ దాటి వచ్చిన జతల్లో మెర్ల్ రెండు వైపులా ఉందా అన్నది ఒక్కటే రంగు విషయంలో నేను వేసే అడ్డుకట్ట. ఉంటే ఆ జత లేదు, ఎంత మంచి పని కుక్కలైనా సరే. రెండింటికీ తల మీద తెలుపు ఎక్కువైతే, కనీసం ఒకదాని స్థానంలో నిండు రంగు తల ఉన్నదాన్ని చూస్తాను. ఆస్ట్రేలియన్ షెపర్డ్‌లు పెంచేవాళ్లకు పుట్టుపొట్టి తోక విషయంలోనూ ఇలాంటి కట్టుబాటే కావాలి, ఆ జన్యువు రెండు కాపీలు పడిన పిండం కడుపులోనే పోతుంది. ఇక మిగిలిన రంగులు ఏవి వచ్చినా నాకు ఒకటే. అన్నీ సమానంగా ఉన్న రెండు పిల్లల మధ్య ఎటూ తేల్చుకోలేనప్పుడు, దూరం నుంచి గడ్డి మీద బాగా కనిపించే రంగును తీసుకుంటాను.

పిల్లను ఎవరికైనా ఇచ్చేటప్పుడు తల్లిదండ్రుల రిపోర్టుల నకళ్లతోపాటు మొదటి వారం ఫొటోలు కూడా ఇవ్వండి. తల్లీ తండ్రీ ఎవరిలో మెర్ల్ ఉన్నా, ఆ ఈతలోని బంగారు ఎరుపు, సేబుల్ పిల్లలను పరీక్ష చేయించకుండా ఇవ్వకండి. రిపోర్టులో మెర్ల్ అని వస్తే నమోదు కాగితంలో రంగు పక్కనే ఆ మాట రాయండి. రెండేళ్ల తర్వాత ఆ కుక్కను జత కలపబోయే మనిషికి దాని బొచ్చు చూస్తే ఏమీ తెలియదు, ఆ కాగితం చూస్తేనే తెలుస్తుంది.